పంపుహౌజ్ మోటారుకు సోడా నీళ్లెందుకు? లిక్విడ్ స్టార్టర్ గురించి తెలుసా?

నల్లగొండ పక్కనే ఉన్న పానగల్ ఉదయసముద్రం నిండాలంటే కృష్ణా నీళ్లు ఎత్తెక్కాలి. నాగార్జునసాగర్ నుంచి పుట్టంగండి దగ్గర నాలుగు పంపులు ఆ నీటిని ఎత్తిపోస్తాయి. ఒక్కో మోటారు సామర్థ్యం 18 మెగావాట్లు. ఫ్లోరైడ్ బోరు నీళ్లతో తరతరాలు బాధపడ్డ జిల్లా ఇది. ఇక్కడ పంపు ఆగడం చిన్న విషయం కాదు.

పెద్ద మోటారుకు అసలు పరీక్ష స్టార్టింగే. నేరుగా కరెంటు ఇస్తే చాలా మోటార్లు మామూలు కన్నా ఐదారు రెట్లు లాగుతాయి. అందుకే స్టార్టర్ కావాలి. మోటారును బట్టి దాని రకం మారుతుంది. స్లిప్‌రింగ్ మోటార్లున్న పాత పంపుహౌజుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వాడేది లిక్విడ్ స్టార్టర్.

ఎలా పనిచేస్తుంది?

తొట్టెలో వాషింగ్ సోడా (సోడియం కార్బొనేట్) కలిపిన నీళ్లుంటాయి. అందులో ఎలక్ట్రోడ్లు మునిగి ఉంటాయి. మొదట అవి దూరంగా ఉంటాయి కాబట్టి నీరు కరెంటును అడ్డుకుంటుంది. మెల్లగా దగ్గరయ్యేకొద్దీ ఆ అడ్డు తగ్గి, మోటారు వేగం అందుకుంటుంది. చివర్లో ఒక కాంటాక్టర్ పడి తొట్టెను పక్కకు తప్పిస్తుంది.

ఎక్కడ తేడా వస్తుంది?

ఎక్కువగా ఆ నీళ్లలోనే. వేడికి నీరు ఆవిరవుతుంది, సోడా మిగిలిపోతుంది. అందుకే మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. మళ్లీ సోడా కలిపితే ద్రావణం చిక్కబడి, స్టార్టింగ్ కరెంటు పెరిగి మోటారు ట్రిప్ అవుతుంది. మరీ పలచనైతే మోటారు ఎత్తుకోలేదు, తొట్టె కాగిపోతుంది. సోడాకు బదులు ఉప్పు వేస్తే లోహం తినేస్తుంది.

వెంటవెంటనే స్టార్ట్ చేసినా ముప్పే. ద్రావణం వేడెక్కితే దాని నిరోధం పడిపోతుంది. అందుకే గంటకు ఇన్నిసార్లే అని తయారీదారు పరిమితి పెడతారు.

సిబ్బంది ఏం చూడాలి?

- ద్రావణం మట్టం, ఉష్ణోగ్రత, చిక్కదనం
- తొట్టె అడుగున మడ్డి, ఎలక్ట్రోడ్ల అరుగుదల
- కాంటాక్టర్ పాయింట్లు, స్లిప్‌రింగ్ బ్రష్‌లు, కార్బన్ పొడి
- ఎలక్ట్రోడ్లు మొదటి స్థానానికి రాకుండా మోటారు స్టార్ట్ కాకుండా ఆపే ఇంటర్‌లాక్

తొట్టె తెరిచే ముందు సప్లై ఆపి, తాళం వేసి, ఎర్త్ చేయడం తప్పనిసరి. స్టార్టింగ్ సమయంలో రోటర్ వైపు వందల వోల్టులు, పెద్ద మోటార్లలో వెయ్యికి పైగా ఉంటాయి.

మీకేం పని?

‘మోటారు మరమ్మతు, నీటి సరఫరా బంద్’ అనే మెసేజ్ మీ ఫోన్‌కు వస్తే రెండు ప్రశ్నలు అడగండి. ఇది ముందే అనుకున్న మెయింటెనెన్సా, హఠాత్తుగా వచ్చిన బ్రేక్‌డౌనా? స్టాండ్‌బై పంపు పనిచేసే స్థితిలో ఉందా? ముందే చెప్పి ఒక పూట ఆపితే మీరు బిందెలు నింపి పెట్టుకోవచ్చు. చెప్పకుండా ఆగిపోతే ట్యాంకర్ కోసం ఎదురుచూడాల్సిందే.