టైరు అరిగితే తప్పెవరిది?

ఆత్మకూరు నుంచి ఉదయగిరికి కారులో పోతున్నాం. దుర్గం కొండ దగ్గరపడే కొద్దీ వెనుక సీటులో పిల్లలకు ఒకటే సంబరం. నాకు మాత్రం స్టీరింగు మీదనే ధ్యాస. చేయి రవంత సడలిస్తే బండి అటూ ఇటూ తారాడుతున్నది. దిగి చూద్దును గదా, ముందు టైర్లు రెండింటికీ లోపలి అంచులు నున్నగా అరిగిపోయి ఉన్నవి!

“పోయినేడే గదండీ మార్పించారు?” అన్నది మా ఆవిడ.

తప్పు టైర్లది కాదు. ముందు చక్రాలు రెండూ సమంగా నిలవక, ముందు కొసలు బయటికి విచ్చుకొని ఉన్నవి. అట్టి చక్రం దొర్లుతూనే రోడ్డును రాసుకుంటూ పోతుంది. ఒక్క గుంటలో గట్టిగా పడినా చాలు, ఇలా జరగవచ్చు.

దీన్ని కనిపెట్టడానికి యంత్రమే అక్కరలేదు. టేపు, సుద్దముక్క, తోడుకు ఒక మనిషి ఉంటే చాలును. నేల మట్టంగా ఉండాలి. టైర్లలో గాలి సరిచూసి, స్టీరింగు తిన్నగా పెట్టి, బండిని పది అడుగులు ముందుకు తోయండి. ఇప్పుడు రెండు టైర్లకూ ముందు వైపున, నట్టనడుమ, ఒకే ఎత్తులో గీతలు గీసి వాటి మధ్య దూరం కొలవండి. ఆ గీతలే వెనుక వైపున అదే ఎత్తుకు వచ్చేదాకా బండిని దాదాపు అరచుట్టు ముందుకు దొర్లించి, మళ్ళీ కొలవండి. గీతలు అవే గనుక టైరులోని వంకర లెక్కలోకి రాదు. ఈ రెండు కొలతల తేడానే మెకానిక్కులు ‘టో’ అంటారు. మా పాతబండికి ముందు కొలత 2 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలని కంపెనీ పుస్తకంలో ఉంది. నాకు 6 ఎక్కువ వచ్చింది!

టై రాడ్ల లాక్ నట్లు వదులుచేసి, రెండు పక్కలా సమంగా కొంచెం కొంచెం తిప్పుతూ కొలవాలి. కుదిరాక నట్లు గట్టిగా బిగించాలి. కీళ్ళే వదులైతే ఎంత తిప్పినా నిలవదు, ముందు వాటిని మార్పించండి. ఒట్టి జాకీ మీద ఉన్న కారు కిందికి మాత్రం దూరవద్దు సుమా! కెమెరాలు, సెన్సార్లు ఉన్న కొత్త కార్లయితే ఈ పని షాపుకే వదలడం మేలు.

పందెపు కార్లవారు నాలుగు చక్రాల కింద నాలుగు త్రాసులు పెట్టి బరువు కూడా తూస్తారు. నులకమంచం ఒక కోడు కింద చెక్కముక్క పెట్టి చూడండి: బరువు ఆ కోడు మీదా, దాని ఎదురుమూల కోడు మీదా పడి, మిగిలిన రెండూ తేలిపోతాయి. కారూ అంతే. స్ప్రింగుల ఎత్తు మార్చి వారు ఆ మూలల జంటలను సమం చేసుకుంటారు. సంసారుల కార్లలో స్ప్రింగు ఎత్తు మార్చే ఏర్పాటు సాధారణంగా ఉండదు గనుక మనకు ఆ బాధ లేదు.

నా కొలత మూడోసారికి కుదిరింది. స్టీరింగు చక్రం మాత్రం కాస్త వంకరగా నిలిచింది. అవతలి పక్క మావాడు పావుచుట్టు ఎక్కువ తిప్పాడట!