కంపము – వణుకు – అదురు

'కంపము' అనే తత్సమానికి 'వణుకు', 'అదురు' అని రెండు తెలుగు మాటలు పర్యాయాలుగా చెప్పడం పరిపాటి. ఇవి సమానార్థకాలు కావు. చలికి, జ్వరానికి, భయానికి ఒళ్లంతా వణుకుతుంది. విడువక సాగే చలనమది. (గ్రాంథికంలో దీని రూపం 'వడఁకు'.) అదురు ఒక్కచోట, ఒక్కసారిగా పుట్టేది. కన్నదురుతుందే గాని వణకదు. కనుక సాత్త్వికభావాలలోని 'వేపథువు'కు వణుకే సరియైన తెలుగు. శాకుంతల ప్రథమాంకంలో ఆశ్రమం చొచ్చే దుష్యంతుని భుజానికి కలిగినది స్ఫురణం. దానికి అదురే తగును. 'భుజము వణకెను' అని అనువదిస్తే శుభశకునం కాస్తా భయచిహ్నమవుతుంది.

'ప్రకంపనం' అమరకోశంలో పెనుగాలి. నేడది గాలిని విడిచి నేలకు చేరింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి, తార్నాకకు చేరువలోనే 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. భూకంపాలను నమోదు చేయడం దాని పనులలో ఒకటి. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాదులోనూ తెలిసింది. ఇటువంటి కుదుపునకు పత్రికలు వ్రాసేది 'ప్రకంపన'. ఇంటిలో గిన్నెలు కదిలితే జనం అనేది 'భూమి అదిరింది' అని. ఆకస్మికతను పట్టుకొనడంలో జనుల మాటే సూక్ష్మమైనది. ఐనా, భూకంపం వెనుక వచ్చే చిన్న కదలికలకు సైతం 'అనంతర ప్రకంపనలు' అనే పేరే స్థిరపడింది. 'అదురు'కు అక్కడ చోటు దొరకలేదు.