సీఎస్ఆర్ ఉద్యోగమా? ఓసారి కోనసీమ చూసి రండి

సికింద్రాబాద్‌లో రాత్రి గౌతమి ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రి. అక్కణ్నుంచి బస్సులో కోనసీమ వెళ్తే కొబ్బరితోటల మధ్యే ఓఎన్‌జీసీ బావులు, గెయిల్ పైపులైన్లు కనిపిస్తాయి. సీఎస్ఆర్ విభాగాల్లో ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి ఇంతకన్నా మంచి క్లాస్‌రూమ్ దొరకదు.

ముందు చట్టం సంగతి. కంపెనీల చట్టం-2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకి ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలి.

ఇది అమల్లోకి వచ్చి మూడు నెలలైనా కాలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరిచెట్లు కాలిపోయాయి. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ చూసిన తరం కూడా అక్కడే ఉంది. ఆ మంట ఆర్పడానికి రెండు నెలలు పట్టింది. అలాంటి ఊళ్లకెళ్లి ‘స్కూలుకి బెంచీలిచ్చాం’ అంటే, ‘మా ఇంటి పక్క పైపు మాటేంటి?’ అని అడగరా మరి!

అసలు చిక్కు ఇక్కడే. పైపుల భద్రత, చట్టప్రకారం ఇవ్వాల్సిన పరిహారం సీఎస్ఆర్ కిందకి రావు. వేరే చట్టం కింద ఎలాగూ చేయాల్సిన పనిని ఈ ఖాతాలో రాయకూడదని 2021లో సవరించిన నిబంధనలు తేల్చేశాయి. ఈ తేడా ఊరివాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలి, వాళ్ల భయాన్ని కంపెనీ సేఫ్టీ విభాగం దాకా చేర్చాలి. ఫొటోకి చెక్కు పట్టుకుని నిలబడటం ఎవరైనా చేస్తారు.

ఈ పనికి ఎంఎస్‌డబ్ల్యూ వాళ్లే కావాలని లేదు. ఏటా సగటున రూ.10 కోట్లు, ఆపైన సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు, రూ.కోటి, ఆపైన ఖర్చయిన ప్రాజెక్టుల ఫలితాల్ని బయటి సంస్థతో మదింపు చేయించాలి. సర్వే డేటా, మ్యాపింగ్ తెలిసిన బీటెక్ వాళ్లకి అక్కడ చోటుంది. చదవాలనుకుంటే ఓయూలో ఎంఎస్‌డబ్ల్యూ, రాజేంద్రనగర్‌లోని ఎన్ఐఆర్‌డీపీఆర్‌లో గ్రామీణాభివృద్ధి పీజీ డిప్లొమా ఉన్నాయి.

ఇంటర్వ్యూకి ముందు కేంద్రం నడిపే నేషనల్ సీఎస్ఆర్ పోర్టల్‌లో ఆ కంపెనీ పేరు కొట్టండి. ఏ పనికి, ఏ రాష్ట్రంలో ఎంత పెట్టిందో మూడేళ్లది రాసుకోండి. చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అంటారు కదా, అప్పుడు అడగడానికి ఓ ప్రశ్న చేతిలో ఉంటుంది.