ఆ మాటకు ఆధారమేమిటి?

1950ల చివర్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక మానసిక వైద్యుడి దగ్గరకు ఒకామె వస్తుండేది. రోగి మనసులో ఏది మెదిలితే అది చెప్పాలి, వైద్యుడు దాని లోపలి అర్థం విప్పాలి. అప్పటి వైద్యం అది. తన సొంత జీవితం గురించి చెబుతూ చెబుతూ ఆమె కంగారుపడిపోయేది. చెప్పకూడనివి చెబుతున్నానన్న అపరాధభావమే దానికి కారణమని వైద్యుడు అనుకున్నాడు. ఆమె చెప్పిన కారణం వేరు. తన కబుర్లు డాక్టరుకు విసుగు పుట్టిస్తున్నాయేమోనని ఆమె భయమట!

ఆ వైద్యుడి పేరు ఆరన్ బెక్. పైకి వినిపించే మాటల కింద ఇంకో మాట నడుస్తోందని, బాధపెడుతున్నది ఆ రెండోదేనని ఆయనకు అప్పుడు తట్టింది. మిగతా రోగులను అడిగి చూస్తే వాళ్లలోనూ అదే వరుస. 'నేను చేతకానివాణ్ణి', 'నన్ను ఎవరూ ఇష్టపడరు', 'ఇక ఏదీ బాగుపడదు'. పిలవకుండానే వచ్చి, క్షణంలో పోయే ఈ ఆలోచనలను ఎవరూ పరీక్షించరు. నిజమని నమ్మేస్తారు, అంతే.

అప్పటికే బెక్ మరో పరిశోధనలో ఉన్నాడు. కుంగుబాటు అంటే లోపలికి మళ్లిన కోపమని, అప్పటి ఆ వైద్యానికి మూలమైన ఫ్రాయిడ్ సంప్రదాయం చెబుతుంది. దాన్ని రుజువు చేయాలని బెక్ రోగుల కలలను పరిశీలించాడు. కోపం దొరకలేదు. కలల నిండా ఓటమి, నిరాశ, పోగొట్టుకోవడమే. ఈ రోగులు లోలోపల బాధనే కోరుకుంటున్నారేమో అనుకుంటే, చిన్న పనులిచ్చి గెలిచే అవకాశం కల్పించినప్పుడు వాళ్ల మనసు కుదుటపడింది, నమ్మకం పెరిగింది. బాధ కోరుకునేవాళ్లకు గెలుపు అలా పనిచేయదు కదా! తాను నమ్మిన సిద్ధాంతానికి ఆధారం దొరకకపోయేసరికి బెక్ దాన్ని వదులుకున్నాడు. దాని స్థానంలో 1960లలో ఆయన కట్టినదే కాగ్నిటివ్ థెరపీ. ఈ రోజు సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అని వింటున్న వైద్యానికి ముఖ్యమైన పునాది అదే.

అది ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణలో చూద్దాం. ఇంటర్ కుర్రాడు లెక్కల్లో తప్పాడనుకుందాం. 'నేను దేనికీ పనికిరాను' అన్న ఆలోచన వచ్చింది. థెరపిస్టు 'అలా అనుకోకు' అనడు. కాగితం తీసి రాయమంటాడు. ఏం జరిగింది? ఆ క్షణంలో మనసులో మెదిలిన మాట ఏది? దాన్ని నూటికి ఎంత నమ్ముతున్నావు? తొంభై అని రాస్తాడు కుర్రాడు. ఆ మాటకు ఆధారాలేమిటి? లెక్కల్లో తప్పడం. దానికి ఎదురు నిలిచేవి? మిగతా సబ్జెక్టులన్నీ పాసయ్యాడు, స్నేహితుడికి ఫిజిక్స్ చెప్పింది తనే. ఇదే కష్టం నీ స్నేహితుడికి వస్తే వాడితో ఏమంటావు? చివరికి కాగితం మీద మిగిలే వాక్యం ఇలా ఉండవచ్చు: 'లెక్కల్లో తప్పాను, బాధగా ఉంది, సప్లిమెంటరీకి ఏ చాప్టర్లు చదవాలో చూసుకోవాలి.' తొంభై నలభైకి దిగుతుంది. బాధ పూర్తిగా పోదు, పోవాల్సిన పనీ లేదు. మోయగలిగినంత అవుతుంది.

రాయడం ఎందుకంటే, పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపించినట్టు, కుంగిన మనసుకు చేదు జ్ఞాపకాలే ముందు గుర్తొస్తాయి. గెలిచిన రోజులు వాటంతట అవి గుర్తుకు రావు, వెతికి కాగితం మీద పెట్టాలి. ఆందోళనదీ ఇంచుమించు ఇదే తీరు, కాకపోతే దాని చూపు రేపటి మీద ఉంటుంది. 'బయటికెళ్తే అందరూ నన్ను చూసి నవ్వుతారు' అనిపిస్తే ఆ జోస్యాన్ని రాసిపెట్టుకుని, వెళ్లి, ఎంతమంది నవ్వారో చూసి రావడమే పరీక్ష.

అంతా మంచే జరుగుతుందని మనసుకు చెప్పుకోవడానికీ దీనికీ చాలా తేడా ఉంది. ఆధారం లేని చెడ్డ మాట ఎంత బలహీనమో, ఆధారం లేని మంచి మాటా అంతే. ఒక్కోసారి పరీక్షిస్తే ఆ ఆలోచన నిజమేనని తేలుతుంది. అప్పు నిజం, ఉద్యోగం పోయిన మాట నిజం. అప్పుడు చేయాల్సింది ఆలోచన మార్చుకోవడం కాదు, అప్పు తీర్చే దారి వెతకడం. 'అప్పు ఉంది' అన్నది వాస్తవం, 'అందుకే నా బతుకు వృథా' అన్నది మనం తగిలించిన తోక. ప్రశ్నించాల్సింది ఆ తోకనే.

ఈ వైద్యం ఎంత పనిచేస్తుందో కూడా లెక్కగానే చూశారు. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన కుంగుబాటు ఉన్న 240 మందితో చేసిన అమెరికా అధ్యయనం ఫలితాలు 2005లో వచ్చాయి. పదహారు వారాల తర్వాత మాత్రలు వాడినవారిలోనూ, కాగ్నిటివ్ థెరపీ తీసుకున్నవారిలోనూ నూటికి 58 మంది మెరుగుపడ్డారు. మెరుగుపడినవారిని మరో ఏడాది గమనిస్తే, మాత్రలు ఆపినవారిలో 76 శాతం మందికి కుంగుబాటు తిరగబెట్టింది. మాత్రలు కొనసాగించినవారిలో అది 47 శాతం, థెరపీ ముగించినవారిలో 31 శాతం. నేర్చుకున్న విద్య వైద్యం ఆగాక కూడా మనిషితోనే ఉంటుందనడానికి ఇది గట్టి సాక్ష్యం.

ఈ అంకెలు చూసి ఎవరూ మాత్రలు సొంతంగా ఆపకూడదు. రెండూ కలిపి ఇవ్వాల్సినవారు ఎందరో ఉన్నారు. మంచం మీంచి లేవడమే గగనమైన మనిషిని 'ఆలోచన మార్చుకో' అనడం క్రూరత్వం. వారికి ముందు డాక్టరు కావాలి, పక్కన మనిషి కావాలి. నిద్ర, ఆకలి దూరమై రెండు వారాలు దాటినా, చనిపోవాలన్న తలంపు ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకండి. 14416కు ఫోన్ చేస్తే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఉచితంగా మాట్లాడుతుంది, తెలుగులోనూ మాట్లాడుతుంది.

ఆరన్ బెక్ నూరేళ్లు నిండాక, 2021 నవంబరులో కన్నుమూశాడు. రోగులను ఆయన అడగమన్న ప్రశ్న, తన సిద్ధాంతాన్ని తాను ముందే అడిగిన ప్రశ్న. ఎన్నో ఏళ్లు చదివి నమ్మినదాన్నే ఆయన పరీక్షకు పెట్టగలిగాడు. అర్ధరాత్రి మన చెవిలో 'నువ్వు పనికిరావు' అని గొణిగే మాటను ఆధారం చూపించమని అడిగే హక్కు మనకూ ఉంది.