సైకిళ్ళ సంతలో పందెగాడు



సైకిలు పందెములను గూర్చి ప్రసంగింపుమని రేడియోవారు నన్ను కోరిరి. పందెము చూచువారికి గంటన్నర సేపటి వేడుక. దాని వెనుకనున్న వ్యవహారము మాత్రము సంవత్సరము పొడుగునను సాగును. టైర్లెవరు ఇచ్చిరి, చొక్కామీది పేరెవరిది, ఆ పేరు మోసినందుకు పందెగానికేమి ముట్టినది, ఈ లెక్కలన్నియు ఒక్కచోట బయటపడునది సైకిలు వర్తకుల ప్రదర్శనమున. కావున నేనీ రాత్రి పందెమును ప్రక్కకు పెట్టి, ఆ ప్రదర్శనమును గూర్చియే చెప్పెదను.

నేను తెనాలివాడను. మా వీధిచివర గంటకింతయని సైకిళ్ళు అద్దెకిచ్చు దుకాణముండెడిది. సీటు అందని వయస్సున ఫ్రేము సందులోనుండి కాలు దూర్చి తొక్కుట అచటనే నేర్చితిని. చదువు ముగిసిన పిదప ఉద్యోగము నిమిత్తము కాలిఫోర్నియాకు పోయి, ముప్పది యేండ్లు నిండిన తరువాత కొండసైకిలు పందెములలో దిగితిని. అది నాకు వృత్తి కాదు. వారమునకైదు దినములు కచేరీలో కంప్యూటరు ముందు కూర్చుండువాడను. అయినను నా చొక్కామీద ఒక సంస్థ పేరుండెను. ఆ పేరు మూలముననే 2013వ సంవత్సరము సెప్టెంబరులో నేను లాస్ వేగస్ నగరమునకు పోవలసివచ్చినది.

కొండసైకిలనగా ఏమో కొందఱికి తెలియకపోవచ్చును. కాలిఫోర్నియాలో మెరిన్ కౌంటీయను సీమ కలదు. అచ్చటి కుఱ్ఱవారు కొందఱు 1970ల నాళ్ళలో పాత ఇనుపసామానుల దుకాణములనుండి లావుపాటి టైర్లుగల ముదుసలి సైకిళ్ళను తెచ్చి, కొండబాటలవెంట క్రిందికి తోలసాగిరి. 1976 అక్టోబరు 21వ తేదీన ఫెయిర్‌ఫాక్స్ అను ఊరి దాపున వారు మొదటి పందెము జరిపిరి. ఆ సైకిళ్ళకు బ్రేకు వెనుక చక్రపు ఇరుసులోనుండును. పెడలును వెనుకకు త్రొక్కినచో పట్టుకొనును. కొండ దిగులోపల ఆ ఇరుసు కాగిపోయి, లోపలి గ్రీజంతయు పొగయై పోయెడిది. ఇంటికిపోయి మరల గ్రీజు కూరవలెను. మరల కూరుటను ఇంగ్లీషులో రీప్యాక్ అందురు. పందెమునకా పేరే నిలిచినది. వారిలో జో బ్రీజు అనునతడు 1977లో ఈ పనికొఱకే క్రొత్త ఫ్రేమును కట్టెను. గేరీ ఫిషరు, చార్లీ కెల్లీ, టామ్ రిచీ అనువారు దీనిని వర్తకముగా మార్చిరి. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ స్టంప్‌జంపర్ అను సైకిలును విరివిగా అమ్మకమునకు తెచ్చినది. 1990లో కొలరాడోలోని డురాంగోలో తొలి అధికార ప్రపంచపోటీ, 1996లో అట్లాంటా ఒలింపిక్కులు. కుఱ్ఱకారు చేష్ట ఇరువది యేండ్లలో ఒలింపిక్ క్రీడయైనది.

ఇక పోషణ మాట. సంస్థ పేరు ధరించిన పందెగాండ్రందఱును జీతగాండ్రని చూచువారు తలంతురు. ఇది పెద్ద పొరపాటు. జీతము, విమానపు ఖర్చు, వెంట ఒక మెకానిక్కు, ఇవి గలవారు వేళ్ళమీద లెక్కింపదగినవారు. వారి క్రింది వరుసవారికి సైకిలు ఉచితము, జీతము లేదు. అటు పిమ్మటివారు నావంటివారు; సామాను సగము ధరకో అంతకు కొంచెము తక్కువకో దొరకును. మూడు చొక్కాలిత్తురు. ప్రవేశరుసుము, పెట్రోలు, కూలిన దినమున వైద్యుని బిల్లు, ఇవి మనవే. మా ఇంటిలో ఈ లెక్క తేలినప్పుడు, "చొక్కాకు మీరే డబ్బిచ్చి, వారి పేరు మీరే మోయుచున్నారా?" అని నా భార్య అడిగినది. సరియైన ప్రశ్నయే.

బదులుగా మేము చేయవలసిన పనులు మూడు. గెలుచుట మొదటిది, అది అన్నివేళల మన చేతిలోనుండదు. సామాను ఎక్కడ చెడినదో, ఎట్లు చెడినదో వ్రాసి పంపుట రెండవది. ఒక సంవత్సరమున సామాన్యుడు తొక్కునంత దూరము పందెగాడు నెలరోజులలో తొక్కును గనుక, సంస్థకు ఇది చవుకగా దొరకిన పరీక్ష. మూడవది, ప్రదర్శనమునందు వారి స్టాలులో నిలుచుండి, వచ్చినవారితో మంచిమాటలు చెప్పుట.

ఆ ప్రదర్శనము పేరు ఇంటర్‌బైక్. 1982లో మొదలైనది. అందఱికిని ప్రవేశము లేదు; దుకాణదారులు, తయారీదారులు, పత్రికలవారు, వీరి మెడలలో బిళ్ళలు వ్రేలాడును. సెప్టెంబరులోనే ఎందుకని అడుగవచ్చును. వచ్చు వసంతమున అమ్మదలచిన సైకిళ్ళకు దుకాణదారు శరత్కాలముననే ఆర్డరు వేయవలెను. సైకిళ్ళలో మిక్కిలి భాగము తైవాను, చైనాలలో తయారై ఓడమీద రావలెను గదా! పందెగాండ్ర ఒడంబడికలు సామాన్యముగా డిసెంబరుతో ముగియును. కావున మాకును అదే అదను. ఆ యేటి ఫలితములను కాగితముమీద అచ్చొత్తించుకొని, సంచిలో పెట్టుకొని, స్టాలు స్టాలుకును తిరుగు పందెగాండ్రను నేను చాలమందిని చూచితిని. అందొకడు రాష్ట్రపు విజేత. "ఇప్పుడు తీరిక లేదు, కాగితమచట పెట్టిపొండు" అని చెప్పించుకొని, తలయూపి, ప్రక్క స్టాలునకు పోయెను. మన పెండ్లిళ్ళలో పిలువని పేరంటమునకు వచ్చినవాని ముఖము వలె నుండెను వాని ముఖము. నా సంచిలోను అట్టి కాగితములు పండ్రెండు కలవు.

ప్రదర్శనమునకు ముందు రెండు దినములు ఊరివెలుపల బౌల్డర్ సిటీ దాపున బూట్‌లెగ్ కాన్యన్ అను రాతిలోయలో దుకాణదారులు సైకిళ్ళను తొక్కి చూతురు. ఎడారి యెండ, దుమ్ము. గుడారముక్రింద బిళ్ళ తాకట్టుపెట్టి సైకిలు పుచ్చుకొని, ఒక చుట్టు తొక్కి, తెచ్చి ఇచ్చి, వేఱొకటి పుచ్చుకొందురు. నా దృష్టిలో ప్రదర్శనమంతటను నిజమైన భాగమదియే. లోపల దీపాలవెలుగున మెఱసిన సైకిలు ఆ రాళ్ళమీద ఏమిసేయునో అచట దాగదు.

ఆ సంవత్సరము అందఱి నోటను ఒక్కటే మాట, చక్రపు కొలత. ఇది కొంచెము నిదానముగా చెప్పవలసిన సంగతి. కొండసైకిళ్ళకు మొదటినుండియు 26 అంగుళముల చక్రములు వాడుక. తరువాత 29 వచ్చినది. ఈ రెంటి నడుమ 27.5 అనునది ఆ దినములలో తలయెత్తినది. పెద్ద చక్రము గుంటలో దిగక పైపైని పోవును, రాతినెక్కుటయు సులువు; చిన్న చక్రము తేలిక, మలుపులో చుఱుకు. 2012లో లండను ఒలింపిక్కులలో చెక్ దేశీయుడు కుల్హవీ 29 చక్రములమీద బంగారు పతకమును, స్విస్ దేశీయుడు షుర్టర్ 27.5 చక్రములమీద వెండి పతకమును పొందిరి. వారిరువురి నడుమ అంతరము ఒక్క క్షణము. ఇక రెండు పక్షముల వర్తకులకును వాదించుకొనుటకు కావలసినంత దొరకినది!

అసలీ అంగుళముల లెక్కయే విచిత్రము. టైరు అంచు రిమ్ముపై కూర్చుండుచోట వ్యాసమును కొలిచినచో 26 అనబడునది 559 మిల్లీమీటర్లు, 27.5 అనబడునది 584, 29 అనబడునది 622. మన ఊళ్ళలో పాలవాండ్రు, పోస్టు జవానులు తొక్కిన నల్లసైకిలు చక్రమును 28 అంగుళములందుము గదా; దాని రిమ్ము 635. అనగా అమెరికాలో మిక్కిలి పెద్దదని ఊరేగించిన 29 చక్రపు రిమ్ముకంటె మన 28 రిమ్మే పెద్దది. టైరు లావునుబట్టి పై కొలత మాఱుటచేత ఈ తికమక వచ్చినది. ఈ సంగతి నేను స్టాలులో ఇద్దఱికి చెప్పితిని. ఒకడు నవ్వెను. రెండవవాడు నమ్మలేదు. దూరపు పందెములు తరువాతి యేండ్లలో చాలవఱకు 29కే చేరినవి.

ఇక నా సంగతి. ఆ యేడు ఆగస్టులో ఒక పందెమునకు ముందుదినము సైకిలును తుడుచుచుండగా హ్యాండిలుమీద వెండ్రుకవంటి గీత కనబడినది. గోరుతో గీచితిని, గోరు చిక్కుకొనెను. స్టెమ్మును విప్పి చూడగా, బిగింపుచోటి అంచువెంట మూడవవంతు చుట్టు పగిలియున్నది. అల్యూమినియము స్వభావమట్టిది. ఉక్కునకు ఒక హద్దులోపలి బరువు ఎన్ని లక్షల మాఱులు పడినను హానిలేదు. అల్యూమినియమునకు అట్టి హద్దు లేదు. ప్రతి కుదుపును కొంచెము కొంచెముగా దానియందు చేరుచునేయుండును. పగులు మొదలైన పిమ్మట ముందుగా తెలుపక ఒక్కమాఱుగా విఱుగును. మఱునాటి పందెమున గంటకు నలుబది మైళ్ళ వేగమున రాళ్ళమీద దిగు చోటొకటి కలదు. అచ్చట హ్యాండిలు చేతికి ఊడివచ్చినచో ఏమగునో నేను చెప్పనక్కఱలేదు.

ఆ హ్యాండిలు నా పోషక సంస్థవారిది. నేను వెంటనే ఛాయాచిత్రములతో వ్రాసితిని. ప్రత్యుత్తరముగా క్రొత్త హ్యాండిలొకటి వచ్చినది, జాబు రాలేదు. నెల దినములకు ఆ హ్యాండిలునే బల్లమీద పెట్టి, దాని ప్రక్క నన్ను నిలువబెట్టిరి.

రెండవ దినము మధ్యాహ్నము ఒక ముసలి దుకాణదారు వచ్చెను. యూటాలో చిన్న ఊరట. హ్యాండిలును చేతితో తూచి, నా చొక్కాను చూచి, "అబ్బాయీ, నీవు దీనితోనే పందెములాడుదువా?" అని అడిగెను.

"అవునండి."

"నా మనుమడు ఈ యేడు మొదలుపెట్టినాడు. వాని సైకిలుకు బిగింపవచ్చునా?"

అమ్మకపు వ్యవహారము చూచునాయన నా ప్రక్కనే, మూడడుగుల దూరమున నుండెను. ఒడంబడిక కాగితము ఆయన చేతిలోనిది. నేను తడుముకొంటిని. తుదకు, "నాది ఆగస్టులో పగిలినది, విఱుగకముందే చూచితిని" అంటిని. అంతటితో ఊరకుండిన అది న్యాయము కాదు. మర ఎంత బిగింపవలెనో స్టెమ్ముమీదనే అచ్చువేసియుందురు, సాధారణముగా అయిదు న్యూటను మీటర్లు. నేను కొలతరెంచితో కాక చేతి అంచనాతో బిగించినవాడను. ఎక్కువ బిగించిన అంచు కోసికొనిపోయి పగులు అచటనే పుట్టును. తప్పు లోహమునదో, నా చేతిదో నాకు తెలియదు. అదియు ఆయనతో చెప్పితిని. ముసలాయన హ్యాండిలును బల్లమీద మెల్లగా పెట్టి, "మంచిది నాయనా" అని పోయెను. ఆర్డరు వేయలేదు.

అమ్మకపు పెద్ద ఏమియు అనలేదు. సాయంకాలము స్టాలు మూయువేళ, "రేపు నీవు రానక్కఱలేదు, హాయిగా తిరిగి చూడుము" అనెను. అయితే ఆ హ్యాండిలు పటము గీసిన ఇంజనీరు వెనుక గదిలోనుండి మా మాటలు విన్నదట. ద్వారముదాక వచ్చి, "పగిలినది పాఱవేయలేదు గదా? నాకు పంపుము. ఎంత బిగించితివో నిజము వ్రాయుము" అని తన చిరునామా ఇచ్చినది. నా ఛాయాచిత్రములు ఆమెవఱకు చేరనేలేదు. ఆగస్టునుండి అవి ఎవరి బల్లసొరుగులో నిద్రించినవో!

మూడవదినము సంచిలోని కాగితములు పంచుకొనుచు తిరిగితిని. పండ్రెండింట తొమ్మిది పంచితిని. ఒక టైర్ల సంస్థవారు మాత్రము సగము ధరకు టైర్లిచ్చుటకు ఒప్పుకొనిరి. డిసెంబరు ముగిసినది, పాత పోషకులనుండి క్రొత్త ఒడంబడిక రాలేదు. నా వయస్సు, నా ఫలితములు కారణములో, ఆ మధ్యాహ్నమే కారణమో చెప్పలేను. ఆ యేడు నాకు ఒక్క గెలుపును లేదన్నది మఱవరాదు.

ఇంటర్‌బైక్ 2018లో రీనో నగరమునకు మాఱి, ఆ యేటితోనే ఆగిపోయినది. పెద్ద సంస్థలు తమ దుకాణదారులను తమ యింటికే పిలుచుకొని వేఱుగా ప్రదర్శించుకొనసాగినవి. కొనువారు ఇంటర్నెట్టులో కొనసాగిరి. జర్మనీలో యూరోబైక్ అను ప్రదర్శనము మాత్రము ఫ్రెడరిక్స్‌హాఫెన్‌లో 1991లో మొదలై, 2022లో ఫ్రాంక్‌ఫర్టునకు మాఱినది.

పగిలిన హ్యాండిలును నేను గుడ్డలో చుట్టి ఆ ఇంజనీరునకు పంపితిని. చేతి అంచనాతో బిగించితినని వ్రాసితిని. చేరినదని ఒక్క పంక్తి వచ్చినది, అంతకుమించి రాలేదు. ఇప్పుడు నా సైకిలుకున్న హ్యాండిలు నేను దుకాణమున పూర్తిధర ఇచ్చి కొన్నది. కొలతరెంచి కూడ ఆ దినముననే కొంటిని. ప్రతి ఆదివారము స్టెమ్మును విప్పి, బిగింపుచోట గోరుతో గీచి చూచుచున్నాను.