సొమ్ము ప్రజలది, గొంతు ఎవరిది?

ఆకాశవాణి, దూరదర్శన్ వార్తలు అధికార పక్షం వైపు మొగ్గుతున్నాయన్న ఫిర్యాదు కొత్తది కాదు. ప్రతిపక్షంలో ఉండగా ఆ మాట అన్నవారే గద్దెనెక్కాక దాన్ని మరచిపోవడమూ కొత్త కాదు. పార్టీల సంగతి పక్కనబెట్టి, అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం.

1975-77 అత్యవసర పరిస్థితిలో ఈ ప్రసారాలు ప్రభుత్వం చెప్పమన్నదే చెప్పాయి. ఆ చేదు అనుభవం తర్వాత, 1978లో బి.జి. వర్గీస్ బృందం వీటిని స్వతంత్ర సంస్థకు అప్పగించాలని సూచించింది. అది ప్రసార భారతి చట్టంగా రూపుదిద్దుకునేసరికి 1990 వచ్చింది. అప్పటి సమాచార ప్రసార మంత్రి మన తెలుగువారైన పి. ఉపేంద్ర. ఆ చట్టం ఏడేళ్లు కాగితంపైనే ఉండిపోయింది. ఈలోగా 1995లో సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలోని జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, ప్రసారాలు ప్రజల అదుపులో ఉండాలేగాని ప్రభుత్వ అదుపులో కాదని తన తీర్పులో వివరించారు. 1997లో ఎస్. జైపాల్ రెడ్డి మంత్రిగా ఉండగా చట్టం అమలులోకి వచ్చింది.

మరి స్వేచ్ఛ వచ్చిందా? పేరుకు వచ్చింది. కాని నిధులు ఇంకా ప్రభుత్వం చేతిమీదుగానే రావాలి. సిబ్బంది జీతాల భారంలో అధిక భాగం కేంద్రమే మోస్తోంది. పరికరాల ఆధునికీకరణకు 2023లో ఆమోదించిన సుమారు 2,539 కోట్ల రూపాయలూ కేంద్రం ఇచ్చినవే. అవి మనం కట్టిన పన్నులే అయినా, ఇచ్చే చెయ్యి ప్రభుత్వానిది.

ఒకప్పుడు మన పెద్దలు పోస్టాఫీసుకు వెళ్లి రేడియో లైసెన్సు రుసుము కట్టేవారు. 1980ల మధ్యలో అది రద్దయింది. బ్రిటన్‌లో బీబీసీకి ఆ పద్ధతి ఇంకా ఉంది. 2025 ఏప్రిల్‌లో అది ఒక్కో ఇంటికి ఏడాదికి 174.50 పౌండ్లుగా ఉండేది. అయినా ఆ రుసుము ఎంతో నిర్ణయించేది అక్కడి ప్రభుత్వమే. అందుకే అక్కడా పక్షపాతం గురించిన వాదన ఆగలేదు. కాబట్టి డబ్బు ఏ దారిన వస్తుందన్నది ఒక్కటే కాదు, ఇచ్చేవారికీ వార్త రాసేవారికీ మధ్య గోడ ఉందా అన్నది ముఖ్యం.

"అయితే నిధులు ఆపేస్తే పోదా?" అని కొందరంటారు. అప్పుడు నష్టపోయేది ఎవరు? వాన కబురు కోసం రేడియో వినే రైతు, తుపాను హెచ్చరిక అందుకోవలసిన మత్స్యకారుడు, ప్రకటనదారులు పట్టించుకోని చిన్న భాషలవారు. రోగం ఉందని రోగిని చంపుకోం కదా.

మందు లేకపోలేదు. ఆకాశవాణిలో 1977 నుండి, అలాగే దూరదర్శన్‌లోనూ గుర్తింపు పొందిన పార్టీలకు ఎన్నికలవేళ ఉచిత సమయం దొరుకుతోంది. ఆ సమయాన్ని పంచేది మంత్రి ఇష్టం కాదు, ఎన్నికల సంఘం పర్యవేక్షణలోని లెక్క. నిధులకూ ఇలాంటి పద్ధతి పెట్టవచ్చు. ఏటా మంత్రిత్వ శాఖ గడప తొక్కే పని లేకుండా, పార్లమెంటు కొన్నేళ్లకు సరిపడా మొత్తాన్ని ముందే ఖాయం చేయవచ్చు.

సంఘాలలో మనకు ఇది తెలియని సంగతి కాదు. పెద్ద కానుక ఇచ్చినవాడు ప్రసంగం ఎలా ఉండాలో శాసించకూడదు. కానుక అందరి క్షేమం కోసం, మాట సత్యం కోసం. ఆ కొలతనే ప్రసారాలకూ పెడదాం. మనకు నచ్చని పార్టీ గద్దెపై ఉన్నప్పుడే కాదు, నచ్చినది ఉన్నప్పుడు కూడా అదే కొలత పెడదాం. ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని రోడ్డు గురించి, నీళ్ల గురించి అడిగినట్టే దీని గురించీ అడుగుదాం.