వీధిలో వేగం – ఇరుగుపొరుగుల పాత్ర

కాలిఫోర్నియాలో శాన్ ఫ్రాన్సిస్కోకు తూర్పున, 680వ నంబరు రహదారిని ఆనుకొని ఉన్న శాన్ రామన్ 1983లో నగరంగా ఏర్పడింది. 2020 జనాభా లెక్కల నాటికి అక్కడి జనసంఖ్య 84 వేలు దాటింది. నగరానికి తూర్పుదిక్కున, డౌర్టీ లోయలోని పచ్చిక కొండల నడుమ 1990ల నుండి వేలాది గృహాలు వెలిశాయి. వాటిలో తెలుగు కుటుంబాలు కూడా అనేకం స్థిరపడ్డాయి. సాయంకాలం ఆ వీధులలో స్వదేశం నుండి వచ్చిన తాతగారో అమ్మమ్మగారో మెల్లగా నడుస్తూ కనబడతారు. పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు. సరిగ్గా ఆ వేళకే పనుల నుండి ఇళ్ళకు మరలే కార్లు కూడా అదే వీధికి చేరుకుంటాయి.

వీధిలో కార్లు మితిమీరిన వేగంతో పోతున్నాయన్న ఫిర్యాదు అమెరికాలో దాదాపు ప్రతి ఊరిలోనూ వినబడుతుంది. ఆ వేగాన్ని తగ్గించవలసిన వారెవరు? పోలీసులా, ఇంజనీర్లా, ఆ వీధిలో నివసించే వారా?

పది మైళ్ళ తేడా

గంటకు 25 మైళ్ళకూ 35 మైళ్ళకూ గల భేదం చక్రం వెనుక కూర్చున్నవారికి స్వల్పంగానే తోస్తుంది. కాని వాహనపు గతిజ శక్తి వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అందువలన 35 మైళ్ళ వేగంతో పోయే కారులో 25 మైళ్ళ నాటికి దాదాపు రెట్టింపు శక్తి ఉంటుంది. బ్రేకు వేసినపుడు ఆ శక్తి అంతా ఘర్షణ ద్వారా ఉష్ణంగా మారితే గాని కారు ఆగదు.

బంతి వెంట పరుగెత్తిన పిల్లవాడు కారుకు 85 అడుగుల దూరంలో వీధిలోకి వచ్చాడని అనుకొందాము. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు తొక్కడానికి డ్రైవరుకు ఒకటిన్నర సెకను పడుతుందనీ, రోడ్డు పొడిగా ఉన్నదనీ భావిద్దాము. గంటకు 25 మైళ్ళ వేగంతో వచ్చే కారు ఆ ఒకటిన్నర సెకనులో 55 అడుగులు సాగి, బ్రేకు పడిన తరువాత మరి 30 అడుగులలో ఆగుతుంది. అంటే పిల్లవాడి ముందర నిలిచిపోతుంది. అదే కారు 35 మైళ్ళ వేగంతో వస్తే, డ్రైవరు కాలు బ్రేకును తాకే లోపలే 77 అడుగులు గడిచిపోతాయి. మిగిలినవి ఎనిమిది అడుగులు. ఆ కారు పిల్లవాడిని తాకేటప్పటికి ఇంకా సుమారు 32 మైళ్ళ వేగంతోనే ఉంటుంది.

ఆ వేగానికి అర్థమేమిటో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్‌కు చెందిన భద్రతా ఫౌండేషన్ 2011లో ప్రకటించిన అధ్యయనం తెలుపుతుంది. కారు ఢీకొన్న పాదచారి మరణించే అవకాశం 23 మైళ్ళ వద్ద సగటున 10 శాతం, 32 మైళ్ళ వద్ద 25 శాతం, 42 మైళ్ళ వద్ద 50 శాతం. వృద్ధుల విషయం మరీ గమనింపదగినది. 30 ఏళ్ళ వ్యక్తిని 35 మైళ్ళ వేగంతో ఢీకొన్నపుడు కలిగే ముప్పు, 70 ఏళ్ళ వ్యక్తికి 25 మైళ్ళ వద్దనే కలుగుతుందని అదే అధ్యయనం తేల్చింది.

ఇంతకూ 35 మైళ్ళతో పోయినవారికి కలిగే లాభమెంత? అర మైలు పొడవు గల వీధిలో ఇరవై సెకన్లు.

చట్టానికి గల పరిమితులు

కాలిఫోర్నియా చట్టం ప్రకారం నివాస వీధులలో సాధారణ వేగపరిమితి 25 మైళ్ళు. పెద్ద వీధులలో మాత్రం ఇంజనీర్లు కార్ల వేగాలను కొలిచి, నూటికి 85 మంది దాటని వేగాన్ని ఆధారంగా తీసుకొని పరిమితిని నిర్ణయిస్తూ వచ్చారు. 2021లో చేసిన ఒక చట్టం ఈ పద్ధతిని కొంత సడలించింది. అయినా మూలసూత్రం పూర్తిగా పోలేదు. అనగా ఆ వీధిలో కారు నడిపే ప్రతివారూ తమకు తెలియకుండానే వేగపరిమితికి ఓటు వేస్తున్నారు.

నివాసులు తరచుగా కోరేది మరొక ‘స్టాప్’ గుర్తు. కాని వేగాన్ని తగ్గించడానికి ఆ గుర్తును వాడరాదని జాతీయ ప్రమాణ గ్రంథం సూచిస్తుంది. అనవసరమని తోచిన చోట డ్రైవర్లు దానిని లెక్కచేయరు. ఆగినవారు కూడా పోయిన సెకన్లను రాబట్టుకొనడానికి తరువాతి భాగంలో మరింత త్వరపడతారు.

రోడ్డు ఆకారం

గుర్తుల కంటె రోడ్డు ఆకారమే డ్రైవరుతో గట్టిగా మాట్లాడుతుంది. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్ 1953లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కార్ల జోరు చూచి, వాటిని నిదానింపజేసే మిట్టలకు రూపకల్పన చేశాడు. 1970ల ఆరంభంలో బ్రిటన్ పరిశోధకులు 12 అడుగుల పొడవు, నాలుగు అంగుళాల ఎత్తు గల గుండ్రని మిట్టను పరీక్షించి ప్రామాణికం చేశారు. భారతీయ రోడ్ల కాంగ్రెస్ 1988లో స్పీడ్ బ్రేకర్లకు సూచించిన కొలతలు, అనగా 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు, ఇంచుమించు ఇవే. నిదానంగా పోయేవారికి ఆ మిట్ట పెద్దగా తెలియదు, త్వరపడేవారిని మాత్రం కుదుపుతుంది. స్వదేశంలో ఒక ప్రమాదం జరిగిన మరునాడు ఊరివారు కంకరతో వేసే ఇరుకైన గట్టుకూ దీనికీ భేదం ఆ కొలతలలోనే ఉన్నది.

అయితే మిట్టకు కూడా మూల్యం ఉన్నది. పోర్ట్‌లాండ్ నగరపు అగ్నిమాపక శాఖ 1996లో ప్రకటించిన పరీక్షలలో, వాహనాన్ని బట్టి ఒక్కొక్క మిట్ట వద్ద 9.4 సెకన్ల వరకు ఆలస్యం జరిగింది. గుండెపోటు వచ్చినవారి ఇంటికి అంబులెన్సు పోయేది కూడా ఆ వీధి గుండానే. పైగా ఒక వీధిని మూసివేస్తే కార్లు మాయమైపోవు, పక్క వీధికి మరలుతాయి. లాభనష్టాలను ఎవరి మధ్య ఎట్లా పంచాలో గణితం చెప్పలేదు. అక్కడనే నివాసుల పాత్ర ఆరంభమవుతుంది.

సమ్మతి అనే మూలద్రవ్యం

1960ల చివర హాలండ్‌లోని డెల్ఫ్ట్ నగరంలో నివాసులు విసిగి, తమ వీధి రూపాన్ని తామే మార్చివేశారు. 1976లో ఆ దేశ ప్రభుత్వం అటువంటి వీధులకు చట్టబద్ధత కల్పించింది. శాన్ రామన్‌కు సమీపంలోని బర్క్‌లీ నగరం 1975లో వీధుల కూడళ్ళలో అడ్డుగోడలు నిర్మించినపుడు ఊరు రెండుగా చీలింది. వాటిని తొలగించాలన్న ప్రతిపాదనలను ఓటర్లు రెండుసార్లు తిరస్కరించారు. వివాదం అంతటితో ఆగక రాష్ట్ర సుప్రీం కోర్టు వరకు పోయింది. నగరానికి ఆ అధికారం లేదని 1982లో తీర్పు వెలువడిన మీదట రాష్ట్ర చట్టాన్నే సవరించవలసి వచ్చింది.

ఈ అనుభవాల నుండి నేర్చి, నేడు అనేక నగరాలు ఇంచుమించు ఒకే క్రమాన్ని పాటిస్తున్నాయి. శాన్ రామన్ కూడా నివాస వీధుల కొరకు ఇటువంటి కార్యక్రమాన్ని ఏర్పరచుకొన్నది. సాధారణంగా మొదట వీధివారు సంతకాలతో విన్నపం చేస్తారు. నగరం కార్ల సంఖ్యనూ వేగాన్నీ కొలుస్తుంది. మొదట వేగాన్ని చూపే రాడార్ ఫలకం, పోలీసు నిఘా, దారిని ఇరుకుగా చూపే తెల్లగీతలు వంటి తేలిక ఉపాయాలు ప్రయోగిస్తారు. అవి చాలకపోతే మిట్టల వంటివి ప్రతిపాదించి, సభ జరిపి, ప్రభావితులయ్యే ఇండ్లవారి అభిప్రాయం తీసుకొంటారు.

ఆ కొలతలలో బయటపడే సత్యం తరచుగా చేదుగా ఉంటుంది. వేగంగా పోయే కార్లలో అనేకం ఆ పేటవారివే. ఉదయం బడి వేళ కార్ల రద్దీలో అధికభాగం తల్లిదండ్రులదే. అందుకే 2004లో డాన్‌విల్, శాన్ రామన్, కాంట్రా కోస్టా కౌంటీ, స్థానిక పాఠశాలల జిల్లా కలిసి ‘స్ట్రీట్ స్మార్ట్స్’ అనే ప్రబోధ కార్యక్రమాన్ని చేపట్టాయి. 2009లో ‘ట్రాఫిక్స్’ అనే బడి బస్సుల పథకం వచ్చింది.

వీధి చుట్టరికం

బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ 1969లో శాన్ ఫ్రాన్సిస్కోలోని మూడు వీధులను పరిశీలించాడు. రోజుకు రెండువేల కార్లు పోయే వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున ముగ్గురు మిత్రులున్నారు. పదహారువేల కార్లు పోయే వీధిలో ఒక్కరైనా నిండుగా లేరు, సగటు 0.9 మాత్రమే. కార్ల రద్దీ ఇరుగుపొరుగుల పొత్తును హరిస్తుంది. అయితే కార్లను అదుపు చేయడానికి కావలసినది కూడా ఆ పొత్తే. ఈ పరిశోధకుడే 1982లో ఏథెన్స్ నగరంలో అతివేగంగా వచ్చిన కారు తగిలి మరణించాడు.

ప్రవాసంలో ఉన్నవారు పౌరసత్వం రానందున ఇటువంటి విషయాలలో తమకు స్థానం లేదని భావించడం సహజం. అది పొరపాటు. కాలిఫోర్నియాలో 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం నగర మండలి బహిరంగ సమావేశంలో ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. పౌరసత్వంతో పనిలేదు. మనుమలను చూడవచ్చిన పెద్దవారు కూడా తమ సాయంకాలపు నడకలో ఏ మలుపు వద్ద భయం కలుగుతున్నదో చెప్పవచ్చు. ఇంజనీరు కొలత పరికరాలు ఆ సంగతిని నమోదు చేయలేవు.

సంతకాల పత్రంతో పొరుగువారు తలుపు తట్టినపుడు వారిని గుమ్మం నుండే పంపివేయక లోనికి పిలిచి, నాలుగు మాటలు విని, తోచినది చెప్పడం మొదటి మెట్టు. ఆ మరునాడు ఉదయం అదే వీధిలో ఇరవై సెకన్లు వదులుకొని కారు నడపడం రెండవది. ఈ రెండవ దానికి నగరం అనుమతి అక్కరలేదు.